జీవో వెబ్‌సైట్‌లో ఉంది, చదువుకునే వీలు లేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఆరేడు ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లు, యాప్‌లు, ఉత్తర్వులు చూపు లేనివారికీ, చూపు మందగించినవారికీ అందడం లేదన్నదే ఆ ఇబ్బంది. వాటికి ఈ సంచికలో ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరికపై ప్రచురించడం లేదు. వారు ప్రస్తావించిన కార్యాలయాల పేర్లను మాత్రం నేనే తీసేశాను. నేనూ చాలా ఏళ్లుగా స్క్రీన్ రీడర్ మీదే ఆధారపడి చదువుతూ రాస్తూ ఉన్నవాణ్ని కనుక, అక్కడక్కడా నా మాటలో విసుగు ధ్వనిస్తే మన్నించగలరు.

ప్రశ్న: నేను పుట్టుకతో అంధుణ్ని, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఒక శాఖ వెబ్‌సైట్ నుంచి నియామకాలకు సంబంధించిన జీవోను దించుకుని తెరిస్తే, నా స్క్రీన్ రీడర్ అది ఖాళీ పత్రమని చెప్పింది. మా తమ్ముడు చూసి అందులో ఏడు పేజీలు ఉన్నాయన్నాడు. లోపం నా కంప్యూటర్‌లో ఉందా? – ఒక నిరుద్యోగి, మలక్‌పేట

జవాబు: మీ కంప్యూటర్‌లో లోపం లేదు, మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. ఆ ఫైల్లో ఉన్నవి ఏడు పేజీల ఫొటోలు, అంతేకాని ఏడు పేజీల అక్షరాలు కావు. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను గుర్తించి మాటగా వినిపిస్తుంది, లేదా బ్రెయిలీ పరికరానికి పంపుతుంది. అక్షరాలే లేనిచోట దానికి వినిపించడానికి ఏమీ దొరకదు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒకసారి చూడండి. ఉత్తర్వును గుమాస్తా కంప్యూటర్‌లోనే టైపు చేస్తాడు. ఆ క్షణంలో దానిని మీరు హాయిగా చదువుకోవచ్చు. తరువాత దానిని ప్రింటు తీస్తారు, అధికారి సంతకం చేస్తారు, ముద్ర పడుతుంది, మళ్లీ ఆ కాగితాన్ని కొంచెం వంకరగా స్కానర్ మీద పెట్టి పీడీఎఫ్‌గా మార్చి వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తారు. అక్షరాలుగా పుట్టిన ఉత్తర్వు అలా సంతకం కోసం కాగితమై, వెబ్‌సైట్ కోసం బొమ్మయి మీ దగ్గరకు చేరుతుంది. చట్టప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో అంధులకూ అల్పదృష్టి ఉన్నవారికీ 1 శాతం రిజర్వేషన్ ఉంది; ఆ రిజర్వేషన్‌ను వివరించే కాగితాన్నే వారు చదవలేని రూపంలో పెట్టడం ఏమి న్యాయమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొక రకం ఫైళ్లు మరింత చిత్రమైనవి. వాటిలో అక్షరాలు ఉంటాయి, స్క్రీన్ రీడర్ చదువుతుంది కూడా, కాని వినిపించేది తెలుగు కాదు, ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గోల. దీనికి కారణం అచ్చు పేజీలు కూర్చడానికి వాడే ‘అను’ వంటి పాత డీటీపీ ఫాంట్లు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే ప్రత్యేకంగా 128 స్థానాలు కేటాయించి ఉన్నాయి. ‘క’ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ‘క’యే. పాత ఫాంట్లు అలా చేయవు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలను కూర్చుతాయి. కంటికి అది చక్కని తెలుగు, కంప్యూటర్ లెక్కలో మాత్రం అర్థంలేని ఇంగ్లీషు. అచ్చులో ఈ తేడా ఎవరికీ తెలియదు కనుకనే ఈ అలవాటు ఇన్నాళ్లు నిలిచింది.

తక్షణం మీరు చేయగలిగింది ఆ పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవడం. బొమ్మలోని తెలుగు అక్షరాలను అది చాలావరకు గుర్తిస్తుంది. పాత ఫాంట్ల ఫైలైతే ముందు దానిని ప్రింటు తీసి స్కాన్ చేయాల్సి రావచ్చు. అయితే పట్టికలలోనూ, ముద్ర పడినచోటా, అంకెల దగ్గరా ఈ గుర్తింపు తడబడుతుంది. 3 కాస్తా 8 అయితే చివరి తేదీయే మారిపోతుంది. తేదీలను, ఖాళీల సంఖ్యను, వయోపరిమితిని మాత్రం ఇంట్లో ఎవరిచేతనైనా సరిచూపించుకోండి.

శాశ్వతమైన దారి సమాచార హక్కు చట్టంలో ఉంది. 2005 నాటి ఆ చట్టంలో 7వ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ ప్రకారం, ఇంద్రియ సంబంధమైన వైకల్యం ఉన్న వ్యక్తికి రికార్డు ఇవ్వవలసి వచ్చినప్పుడు, అతడు దానిని అందుకోగలిగేలా తగిన సహాయం చేయడం పౌర సమాచార అధికారి బాధ్యత. కనుక స్కాన్ కాపీ కాకుండా టైపు చేసిన అసలు ఫైలును యూనికోడ్‌లో ఇవ్వవలసిందిగా అడగండి. రాతపూర్వకంగా అడగలేనివారు నోటితో చెప్పినా, దానిని కాగితం మీద పెట్టడానికి అధికారి సాయపడాలని 6వ సెక్షన్ చెబుతోంది. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది కనుక ఈ నోటిఫికేషన్ చివరి తేదీ దాటిపోవచ్చు. అయినా అడగండి, అడిగినట్టు రికార్డులో ఉంటుంది.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా సర్క్యులర్లను వెబ్‌సైట్‌లో పెట్టే పని నాదే. పెద్ద నిర్ణయాలు నా చేతిలో లేవు. నా స్థాయిలో ఏమి చేస్తే అంధులకు ఉపయోగపడుతుంది? – ఒక ఉద్యోగిని, నాంపల్లి

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివించుకుని నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను, ఎందుకంటే ఈ సమస్యలో సగం మీ బల్ల మీదే పరిష్కారమవుతుంది.

మొదటిది, ప్రింటు తీసి స్కాన్ చేసే పద్ధతిని వీలైనంత మానండి. వర్డ్ నుంచే నేరుగా పీడీఎఫ్‌గా భద్రపరచండి. సంతకం లేకపోతే ఎలాగని పైవారు అడిగితే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చిందని వినయంగా గుర్తుచేయండి. అదీ కుదరకపోతే స్కాన్ చేసిన ప్రతి పక్కనే టైపు చేసిన ప్రతినీ పెట్టండి. తెలుగులో ఎప్పుడూ యూనికోడ్ ఫాంటునే వాడండి.

రెండవది శీర్షికల సంగతి. శీర్షికను లావు అక్షరాల్లో పెట్టడం కంటికి చాలు, స్క్రీన్ రీడర్‌కు చాలదు. వర్డ్‌లో హెడింగ్ స్టైల్ అని ఉంటుంది. దానిని వాడితే, మేము కీబోర్డు మీద హెచ్ అనే ఒక్క మీటను నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు దూకుతాం. అది లేకపోతే నలభై పేజీల సర్క్యులర్‌ను మొదటి పంక్తి నుంచి వినుకుంటూ పోవలసిందే. పట్టికలో పై వరుసను శీర్షిక వరుసగా గుర్తు పెట్టండి. అప్పుడు ‘4,200’ అన్న అంకె వినగానే అది ఏ జిల్లాదో, ఏ సంవత్సరానిదో కూడా వినబడుతుంది.

మరొక చిన్న సంగతి. వెబ్‌పేజీలో ప్రతి ఫైలుకూ ‘ఇక్కడ నొక్కండి’ అని లంకె ఇస్తుంటారు. మేము లంకెల జాబితాను విడిగా తెప్పించుకుని వింటాం. అందులో ‘ఇక్కడ నొక్కండి’ అన్నమాటే ఇరవై సార్లు వినబడితే ఏది దేనిదో తెలిసే దారి లేదు. లంకెకు ఆ సర్క్యులర్ విషయాన్నే పేరుగా పెట్టండి. పేజీ భాష తెలుగు అని వెబ్‌సైట్ నిర్వహించేవారిచేత నమోదు చేయించండి, ఎందుకంటే భాష ఇంగ్లీషుగా నమోదైన పేజీలో కొన్ని ఇంగ్లీషు గొంతులు తెలుగు వాక్యాలను వదిలేసి మౌనంగా ముందుకు పోతాయి. వినేవారికి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు.

ప్రశ్న: నా వయసు 68. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. గ్లాకోమా వల్ల చూపు బాగా తగ్గింది, అయితే పూర్తిగా పోలేదు. వెబ్‌సైట్లలో లేత బూడిద రంగు అక్షరాలు నాకు కనిపించవు. పైన ‘ఎ ప్లస్’ అనే బొత్తాం నొక్కితే మెనూ పెరుగుతుందిగాని అసలు విషయం పెరగదు. – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సైదాబాద్

జవాబు: మాస్టారూ, ఈ చర్చల్లో ఎప్పుడూ వెనకబడిపోయేది మీవంటివారే. 2011 జనాభా లెక్కల్లో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నట్టు నమోదైన సుమారు 50 లక్షల మందిలో కొంత చూపు ఉన్నవారూ ఉన్నారు. వెబ్ అందుబాటుకు అంతర్జాతీయంగా పాటించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం, మామూలు పరిమాణంలోని అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి, అక్షరాలను రెండింతలు పెంచినా పేజీలో ఏదీ తెగిపోకూడదు. తెల్లని పేజీ మీద లేత బూడిద అక్షరాలు ఈ పరీక్షలో నిలవవు.

ఆ ‘ఎ ప్లస్’ బొత్తాన్ని మరిచిపోండి. కంట్రోల్ మీటను పట్టుకుని ప్లస్ గుర్తును నొక్కితే బ్రౌజరే పేజీ మొత్తాన్ని పెంచుతుంది. విండోస్‌లో మాగ్నిఫయర్ ఉంది, నల్లని వెనుకతలం మీద తెల్లని అక్షరాలు చూపే అమరిక కూడా ఉంది. గ్లాకోమా ఉన్న నా మిత్రులు కొందరికి ఆ అమరికే హాయిగా ఉంటుంది. మీ కంటికి ఏది నప్పుతుందో రెండు రోజులు ప్రయత్నించి చూసుకోండి.

ప్రశ్న: నాకు పూర్తిగా చూపు లేదు, ఉద్యోగం చేస్తున్నాను. ఒక ధ్రువపత్రం కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయబోతే బొమ్మలోని అక్షరాలు టైపు చేయమంటుంది. చివరికి వీధి చివరి సేవాకేంద్రానికి వెళ్లి, నా ఫోను, ఓటీపీ, ఆధార్ నంబరు అన్నీ అక్కడి కుర్రవాడి చేతిలో పెట్టవలసి వచ్చింది. అతడు మంచివాడే. కాని నాకు చాలా అవమానంగా అనిపించింది. – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో ‘అతడు మంచివాడే’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అతడు మంచివాడు కావడం మీ అదృష్టమే. ప్రభుత్వ సేవ పొందడానికి అదృష్టం అవసరం కాకూడదు. బ్యాంకులూ పోలీసులూ రోజూ ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని హెచ్చరిస్తుంటే, చెప్పక తప్పని స్థితిలోకి కొందరిని నెట్టే ఏర్పాటు ఇది.

ఆ బొమ్మను కాప్చా అంటారు. దరఖాస్తు చేస్తున్నది మనిషేగాని యంత్రం కాదని తేల్చుకోవడానికి పెడతారు, ఆ అవసరం నిజమైనదే. అయితే బొమ్మ ఒక్కటే పెడితే చూపులేని మనిషి కూడా యంత్రం జాబితాలోకి చేరిపోతాడు. మార్గదర్శకాలు చెప్పేది కాప్చా పెట్టవద్దని కాదు, బొమ్మతోపాటు మరొక ఇంద్రియానికి అందే రూపం కూడా ఉండాలని. కొన్నిచోట్ల ధ్వని కాప్చా ఉంటుంది, కాని గోలమధ్య విదేశీ యాసలో వినిపించే ఇంగ్లీషు అక్షరాలు చెవులు బాగున్నవారికీ పట్టుబడవు. ఎలాగూ ఫోనుకు ఓటీపీ పంపుతున్నప్పుడు దానికి ముందు కాప్చా కూడా ఎందుకని అడిగితే, ఓటీపీలను యంత్రాలు వేల సంఖ్యలో పంపించకుండా ఆపడానికని సాంకేతిక సిబ్బంది అంటారు. ఒకే నంబరు నుంచి గంటకు ఇన్ని ప్రయత్నాలే అని సర్వర్‌లో హద్దు పెట్టినా ఆ పని చాలావరకు జరుగుతుంది, అందులో చూపుతో పరీక్ష పెట్టవలసిన అవసరమే లేదు.

కాప్చా దాటినా అడ్డంకులు అయిపోవని మీకు తెలిసే ఉంటుంది. పుట్టిన తేదీ గడిలో టైపు చేయనివ్వకుండా క్యాలెండర్ బొమ్మలో మౌస్‌తో ఎంచుకోమంటారు. 1960ల్లో పుట్టినవారు నెల నెలకూ వెనక్కి నొక్కుకుంటూ పోవాలి. గడికి పేరు జతచేయరు కనుక స్క్రీన్ రీడర్ అక్కడ ఏదో టైపు చేయాలని మాత్రమే చెబుతుంది, ఏమి టైపు చేయాలో చెప్పదు. తప్పు జరిగితే ఆ గడి అంచు ఎర్రబడుతుంది, అంతే, ఎరుపు వినబడదు. ఒకసారి నేనే ఒక దరఖాస్తులో పద్దెనిమిది గడులు నింపి, సమర్పించు అన్న బొత్తాన్ని తొమ్మిది సార్లు నొక్కాను. ఏ చప్పుడూ లేదు. సాయంత్రం మా అమ్మాయి వచ్చి చూస్తే పిన్‌కోడ్ గడి ఎర్రగా ఉందట. ఈలోపు గడువు ముగిసిందని పేజీ నన్ను బయటికి పంపేసింది. నింపినవన్నీ పోయాయి. సమయం అయిపోయేముందు హెచ్చరించి, ఒక్క మీటతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకండ్లు ఇవ్వాలన్నది కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఈ విషయంలో మీరు తెలుసుకోవలసిన తీర్పు ఒకటుంది. కెమెరా ముందు కళ్లు ఆర్పితేనే మనిషిగా గుర్తించే డిజిటల్ కేవైసీ పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులూ, ఒక అంధ న్యాయవాదీ విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి 20 ఆదేశాలు ఇచ్చింది. కళ్లు ఆర్పడం కాక వేరే పద్ధతులూ ఉండాలని, కాగితం మీద కేవైసీ చేసుకునే వీలును ఉంచాలని, యాప్‌ల పరీక్ష దశలో అంధులను భాగస్వాములను చేయాలని వాటిలో ఉంది. మీకు కలిగిన అవమానానికి చట్టం ఇప్పుడు హక్కుల భంగమనే పేరు పెట్టింది.

ప్రశ్న: స్క్రీన్ రీడర్ కొనడానికి చాలా ఖర్చవుతుందా? ఇంటర్ చదివే మా అమ్మాయికి కావాలి. – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధుడు 2006లో దానిని మొదలుపెట్టాడు. అందులో ఉండే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. మొదటి వారం యంత్రం గొణుగుతున్నట్టుంటుంది, తరువాత అలవాటవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కంటే శిక్షణ ముఖ్యం. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పునరావాస విభాగంలో ఒకసారి విచారించండి.

ప్రశ్న: ప్రభుత్వ పోర్టళ్లు తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. అంధుల కోసం మార్పులంటే ఖర్చు, ఆలస్యం అని మా మేనేజరు అంటారు. ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ అనే లంకె పెట్టాం కదా, అది చాలంటారు. చట్టం నిజంగా ఏమి అడుగుతోంది? – ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మాదాపూర్

జవాబు: ముందు ఆ లంకె సంగతి. దానిని నొక్కితే సాధారణంగా తెరుచుకునేది కొన్ని స్క్రీన్ రీడర్ల పేర్లున్న పట్టిక. ఆ పేజీని వినగలిగినవాడి దగ్గర స్క్రీన్ రీడర్ అప్పటికే ఉండి తీరాలి కదా! గుడి మెట్ల పైన నిలబడి కిందివారికి ఊతకర్రల దుకాణాల చిరునామాలు చదివి వినిపించినట్టుంటుంది.

ఇక చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. శ్రవణ, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని విషయమంతా అందుబాటు రూపంలో ఉండాలని 42వ సెక్షన్ చెబుతోంది. 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు సేవాసంస్థలు రెంటికీ గడువు పెట్టింది. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి, మూడవ కూర్పు 2023లో వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 17802 ప్రమాణాన్ని అదే సంవత్సరం చట్టం కింది నిబంధనల్లో చేర్చారు. ఆ ప్రమాణం వెబ్‌సైట్లకే కాదు, యాప్‌లకూ పత్రాలకూ యంత్రాలకూ వర్తిస్తుంది.

మార్గదర్శకాలేగా, పాటించకపోతే ఏమవుతుందిలే అన్న ధోరణిని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో తప్పుపట్టింది. తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని చట్టం అంటుంటే, చట్టం కింది నిబంధనల్లో 15వది వాటిని సలహాల స్థాయికి దించిందని, అది చట్టానికి విరుద్ధమని తేల్చి, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సమర్పించింది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం. ఆ పేరు మీ మేనేజరుగారికి తప్పకుండా చెప్పండి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మీకు గంట దూరం.

ఖర్చు మాట కొంతవరకు నిజం, కాని కారణం వేరు. ఇల్లు కట్టేటప్పుడు ద్వారం వెడల్పుగా పెట్టడానికి అదనంగా ఏమీ కాదు, కట్టిన తరువాత గోడ పగలగొట్టాలంటేనే ఖర్చు. గడికి పేరు జతచేయడం రాసేటప్పుడు ఒక్క పంక్తి పని; పోర్టల్ నడుస్తున్నప్పుడు మూడు వందల గడులను వెతికి సరిచేయడం నెలల పని. అందుకే నా అభిప్రాయంలో ఈ విషయం తేలవలసింది మీ సంస్థలో కాదు, టెండరు కాగితంలో. అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టంలోని 508వ సెక్షన్‌ను 1998లో బలపరిచినప్పుడు, ఫెడరల్ ప్రభుత్వం కొనే సాంకేతికత వైకల్యం ఉన్నవారికీ అందుబాటులో ఉండాలన్న నియమాన్ని కొనుగోలుకే ముడిపెట్టారు. కొనేవాడు అడిగితే అమ్మేవాడు చేస్తాడు. మన టెండర్లలోనూ ఐఎస్ 17802 పాటించాలన్న షరతు, అంధ వినియోగదారుల పరీక్ష పూర్తయ్యాకే చివరి బిల్లు చెల్లిస్తామన్న షరతు ఉంటే, మీ మేనేజరుగారే మిమ్మల్ని ఈ పని ఎంతవరకు వచ్చిందని అడుగుతారు.

ఈలోపు మీరు ఒక సాయంత్రం మౌస్‌ను తీసి పక్కన పెట్టి, మీ పోర్టల్‌లో ఒక దరఖాస్తును ట్యాబ్, ఎంటర్ మీటలతోనే పూర్తిచేసి చూడండి. మరునాడు ఎన్‌వీడీఏ పెట్టుకుని, తెర ఆపి, మళ్లీ ప్రయత్నించండి. తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ పరికరాలూ ఉన్నాయి, వాడండి. కాని బొమ్మకు వివరణ ఉందో లేదో అవి చెప్పగలవు, ఆ వివరణకు అర్థముందో లేదో చెప్పలేవు. ‘ఇమేజ్ 4’ అని రాసినా అవి సరేననేస్తాయి. చివరి పరీక్ష మాత్రం రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషితోనే చేయించండి, ఆ పనికి డబ్బు చెల్లించండి.

ప్రశ్న: ఒక ప్రభుత్వ యాప్ నా టాక్‌బ్యాక్‌తో పనిచేయడం లేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలి? – ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దివ్యాంగుల హక్కుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, అందిన ఫిర్యాదును రిజిస్టరులో నమోదుచేసి రెండు వారాల్లో విచారించాలి. ఆ సెక్షన్ వర్తించేది ఉద్యోగాలకు సంబంధించిన ఫిర్యాదులకే కనుక, మీ విషయంలో సంబంధిత శాఖాధిపతికి రాసి, ఒక ప్రతిని రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు పంపండి. కేంద్ర ప్రభుత్వ యాప్ అయితే ఢిల్లీలోని ప్రధాన కమిషనర్‌కు పంపాలి. కమిషనర్లకు విచారణ విషయంలో సివిల్ కోర్టుకుండే అధికారాలు ఉన్నాయి. వారు సిఫార్సు చేసిన తరువాత తీసుకున్న చర్యను మూడు నెలల్లో తెలియజేయవలసిన బాధ్యత ఆ శాఖ మీద ఉంటుంది.

యాప్ పనిచేయడం లేదని మాత్రమే రాస్తే మాకు పనిచేస్తోందని జవాబు వస్తుంది. ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, తేదీ, సమయం, మీరు తాకిన చోటు, అక్కడ టాక్‌బ్యాక్ పలికిన మాట రాయండి. ‘మూడవ పేజీలో ఆరు బొత్తాలకూ పేరు లేదు, ప్రతిదాన్నీ అన్‌లేబుల్డ్ అనే చదువుతోంది’ అని రాస్తే ఇంజినీరుకు ఎక్కడ చేయి పెట్టాలో తెలుస్తుంది. తెరను, ధ్వనిని కలిపి ఒక నిమిషం రికార్డు చేసి జతచేయండి. ఫిర్యాదును ఈమెయిల్లో పంపినా, అందినట్టు ఒక సంఖ్య అడిగి తీసుకోండి. కమిషనర్ ముందు మీకు మొదట అవసరమయ్యేది ఆ సంఖ్యే.